పల్లవి మూడుసార్లు వస్తుంది

(రాజమహేంద్రవరంలోని ఒక పాఠశాలలో పదకొండు, పన్నెండు తరగతుల మాస్ మీడియా విద్యార్థులకు మ్యూజిక్ వీడియో ప్రాజెక్టు మొదలయ్యే ముందు ఒక ఎడిటర్ ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ ఒకటి తగ్గించండి బాబూ, అది నాకన్నా ఎక్కువ మాట్లాడుతోంది. (నవ్వులు)

మేడమ్ గారు ఫోన్ చేసి, పిల్లలు నలుగురేసి జట్టు కట్టారు, ఒక్కో జట్టు ఒక్కో మ్యూజిక్ వీడియో తీయాలి, వచ్చి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. ఇందాక లోపలికి వస్తూ ముందు బెంచీ అమ్మాయిని అడిగాను, ఎంతవరకూ వచ్చిందమ్మా అని. "లొకేషన్ చూసేశాం సార్, కాస్ట్యూమ్స్ కూడా అయిపోయాయి" అంది. పాట ఎన్ని నిమిషాలు అన్నాను. "మూడో నాలుగో ఉంటుంది సార్" అంది. నువ్వేం కంగారుపడకమ్మా, నీ ఒక్కదాన్నే అనడం లేదు, అడిగితే అందరూ అదే చెబుతారు. కానీ మూడు నిమిషాలకీ నాలుగు నిమిషాలకీ మధ్య అరవై సెకన్లు ఉన్నాయి. ఆ అరవై సెకన్లు నింపడానికి మీకు ఇంకో పూట షూటింగ్ పడుతుంది.

అందుకని ఇవాళ కెమెరా గురించి చివర్లో మాట్లాడతాను. ముందు వాచీ గురించి.

నాకు తెలిసిన ఒక జట్టు కథ చెబుతాను. వాళ్ళలో ఒక అమ్మాయి అమ్మమ్మగారిది కోనసీమలో పల్లెటూరు. ఆవిడ ఊడ్పులప్పుడు పాడుకునే పాట ఒకటి ఉంది. అమ్మమ్మ పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, డప్పు ఒకటి, కీబోర్డు ఒకటి పెట్టుకుని పిల్లలే పాడారు. పాట అద్భుతంగా ఏమీ లేదు. శ్రుతి రెండు చోట్ల జారింది. కానీ పాట వాళ్ళది. అది ఎందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను.

ఆ పాట వేగం నిమిషానికి 100 దెబ్బలు. అంటే ఒక్కో దెబ్బ 0.6 సెకను. సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 విడి బొమ్మలు తీస్తే ఒక దెబ్బకి సరిగ్గా 15 ఫ్రేములు. నాలుగు దెబ్బలు ఒక బార్ అనుకుంటే, బార్‌కి 60 ఫ్రేములు, 2.4 సెకన్లు. ఆ పాటలో 80 బార్లు ఉన్నాయి. లెక్క కట్టండి... ఎవరు చెప్పారు? అవును, 192 సెకన్లు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. మొదటి బీజీఎం, అంటే మాటల్లేని సంగీతం, ఎనిమిది బార్లు, పల్లవి ఎనిమిది, మళ్ళీ బీజీఎం ఎనిమిది, చరణం పన్నెండు, పల్లవి ఎనిమిది, బీజీఎం ఎనిమిది, రెండో చరణం పన్నెండు, పల్లవి ఎనిమిది, ముగింపు ఎనిమిది. వీళ్ళు ఇదంతా ఒక చార్టు మీద గీసి క్లాసు గోడకి అంటించారు. అది గీసిన రోజునే వాళ్ళ వీడియో సగం అయిపోయిందని నా నమ్మకం.

ఎందుకంటే ఆ చార్టు చూడగానే ఒక ఇబ్బంది బయటపడింది. పల్లవి మూడుసార్లు వస్తోంది. ఒక్కోసారి 19 సెకన్ల పైన, మూడూ కలిపితే దాదాపు నిమిషం. మాటలు అవే, బాణీ అదే. మరి బొమ్మ?

చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. పల్లవికి ఘాట్ మీద అమ్మాయి పాడుతుంటుంది. బాగుంది. రెండోసారి పల్లవికీ ఘాటే, అమ్మాయే. మూడోసారీ అంతే, కాకపోతే ఈసారి జుట్టు గాలికి ఎగురుతుంది. (నవ్వులు) చూసేవాడు అప్పటికి ఫోన్ తీసేసి ఉంటాడు. పాటలో పల్లవి తిరిగి వస్తే చెవికి హాయి. కంటికి ఆ హాయి లేదు, చూసిందే మళ్ళీ చూస్తే విసుగొస్తుంది. చరణంలో ఏదో జరిగింది కదా, ఆ జరిగినదాని తర్వాత అదే పల్లవికి అర్థం మారుతుంది. ఆ మార్పు ఏమిటో మీరు ఒక్క వాక్యంలో రాయగలగాలి. రాయలేకపోతే కథ ఇంకా దొరకలేదన్నమాట, షూటింగుకి వెళ్ళకండి.

ఈ జట్టు ఏం చేసిందంటే, మొదటి పల్లవిలో అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో ఆ పాట వింటుంది. పెదవులు కదలవు. వింటోందంతే. రెండో పల్లవికి అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని మెల్లగా కూనిరాగం తీస్తుంది, మాటలు సగం తప్పు. మూడో పల్లవికి చేలో నిలబడి గట్టిగా పాడుతుంది, పక్కన అమ్మమ్మ లేదు, చేతుల్లో నారుకట్ట ఉంది. అంతే. డ్రోను లేదు, డాన్సు లేదు. అమ్మమ్మ ఏమైందని వాళ్ళు చెప్పలేదు, మేం అడగలేదు. పరీక్షకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఆయన కూడా అడగలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంకో మాట. పాటలో ఏం వినిపిస్తే అదే చూపించకండి. చందమామ అన్నప్పుడల్లా చందమామ, గోదారి అన్నప్పుడల్లా గోదారి చూపిస్తే అది ఒకటో తరగతి వాచకం అవుతుంది. అసలు చూపించకూడదని కాదు. ఒకసారి చూపించండి. మిగతాసార్లు పాట చెప్పనిది చూపించండి.

సరే, పాట మీదే అయితే ఎందుకు మంచిది అన్నానుగా. సినిమా పాట తీసుకుంటామని మీలో చాలామందికి ఉంటుంది. 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ చదువుకి కొంత వెసులుబాటు ఇచ్చింది. పాఠంలో భాగంగా విద్యార్థులు వాడుకోవచ్చు, స్కూల్లో మాస్టార్లు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించుకోవచ్చు. కానీ మీరు అక్కడితో ఆగరు కదా! మర్నాడే యూట్యూబులో పెడతారు. అది దీని కిందికి రాదు. అక్కడ పాటని గుర్తుపట్టే యంత్రం ఉంటుంది, ఎక్కించిన కాసేపటికే పాట ఫలానా కంపెనీదని మీ వీడియో కింద నోటీసు వచ్చేస్తుంది. పాటలు రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు పోయాక 60 ఏళ్ళ వరకూ వాళ్ళ హక్కు ఉంటుంది. గురజాడ అప్పారావు గారు 1915లో పోయారు, త్యాగరాజ స్వామి 1847లో. ఆ సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. అయితే ఎవరో పేరున్న గాయకులు పాడిన రికార్డింగు తెచ్చి పెట్టుకుంటే ఆ రికార్డింగుకి వేరే హక్కు ఉంటుంది. జానపదం కూడా అంతే. అమ్మమ్మ పాట అందరిదీ. సినిమాలో వాడిన అమ్మమ్మ పాట రికార్డింగు మాత్రం సినిమా వాళ్ళది. కాబట్టి మీరే పాడండి. శ్రుతి జారితే జారింది.

ఇప్పుడు ప్లేబ్యాక్ సంగతి, అంటే ముందే రికార్డు చేసిన పాటకి పెదవులు కదపడం. నాకు ఇష్టమైన సంగతి ఇది. కాస్త సేపు ఇక్కడే ఉంటాను.

మన ఊళ్ళోనే 1936లో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. ఎంతమందికి తెలుసు? ఒక్క చెయ్యి. సరే. తొలి టాకీల రోజుల్లో నటులు కెమెరా ముందు నిజంగానే పాడేవాళ్ళు. హార్మోనియం, తబలా వాళ్ళు ఫ్రేములో పడకుండా చెట్టు వెనకో తెర వెనకో కూర్చుని వాయించేవాళ్ళు. నటుడు నడిస్తే వాళ్ళూ మైకూ కూడా నడవాలి. 1935లో కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్ళు పాట ముందే రికార్డు చేసి, షూటింగులో వినిపిస్తూ పెదవులు కదిపించే పద్ధతి పట్టుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మన సినిమా సెట్ల మీద నాగ్రా అనే టేపు యంత్రంలో పాట వేసేవాళ్ళు. నేను అసిస్టెంటుగా చేరినప్పుడు "నాగ్రా" అని డైరెక్టర్ గారు కేక వేస్తే పాట మొదలయ్యేది. ఆ పెట్టె మనకన్నా ఖరీదైంది, దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

దానికి ముందు, చదువుకునే రోజుల్లో మేం చేసిన ప్రాజెక్టు ఉంది. వీహెచ్ఎస్ కెమెరా, మామూలు టేప్ రికార్డరు, అందులో నాలుగు బ్యాటరీలు. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా తీశాం. అందరం సంతోషంగా బిర్యానీ తిన్నాం. ఎడిటింగు గదిలో చూస్తే పొద్దున్న తీసినవి సరిపోయాయి, మధ్యాహ్నం తీసినవాటిలో పాట ముందుకెళ్ళిపోతోంది, పెదవులు వెనకబడిపోతున్నాయి. అర్థం కాలేదు. కెమెరాని తిట్టాం. చివరికి తెలిసింది, బ్యాటరీలు నీరసించే కొద్దీ టేపు మెల్లగా తిరిగింది. మా గాయకుడు పాపం టేపుతో సరిగ్గానే పాడాడు, టేపే నిదానించింది. సగం షూటింగు పోయింది. నాలుగు బ్యాటరీలు కొనడానికి పిసినారితనం పడ్డాం మరి.

మీకు టేపు లేదు కాబట్టి ఆ బాధ లేదనుకోకండి. ఇప్పుడు అదే రోగం వేరే వేషంలో వస్తుంది. ఒకడి ఫోన్లో పాట ఒక చోటి నుంచి దింపినది, ఇంకొకడి ఫోన్లో ఇంకో చోటి నుంచి దింపినది. ముందు ఖాళీ తేడా, ఒక్కోసారి వేగం కూడా తేడా. షూటింగుకి ఒకే ఫైలు ఉండాలి. ఆ ఫైలు మొదట్లో నాలుగు దెబ్బలు టక్ టక్ మని వేసుకోండి, పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి. అదే ఫైలు ఎడిటింగులోనూ.

ఇక ఫోన్లు చేసే అల్లరి. చాలా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములు అని చెప్పి, వెలుతురు తగ్గితే 27, 28కి జారిపోతాయి. రీలు తీసుకుంటే తేడా తెలియదు. మూడు నిమిషాల పాట ఏకబిగిన తీస్తే చివరికొచ్చేసరికి పెదవులు పక్కకి పోతాయి. ఫ్రేము రేటు గట్టిగా బిగించే యాప్ వాడండి, లేకపోతే ఎడిటింగుకి ముందు హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చుకోండి. 25 ఫ్రేములు ఎందుకంటున్నానంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. షట్టరు సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెడితే ఆ మినుకు కనపడదు. ఈ గదిలో ఫోన్ తీసి చూడండి, కొందరికి తెర మీద నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి... చూశారా! ఇప్పుడు కాదు బాబూ, లోపల పెట్టు.

ఇది కూడా చెప్పాలి. శబ్దం సెకనుకి దగ్గర దగ్గర 340 మీటర్లు పోతుంది. మీరు ఘాట్ మెట్ల మీద, పాడే అమ్మాయి ముప్పై నాలుగు మీటర్ల దూరంలో పడవలో ఉందనుకోండి. స్పీకరు ఆమె దగ్గర. పాట మీ ఫోనుకి చేరడానికి సెకనులో పదోవంతు పడుతుంది. అంటే రెండున్నర ఫ్రేములు. ఫోన్ మైకులో పడ్డ శబ్దాన్ని నమ్మి జత చేస్తే పెదవులు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది. ఏదో తేడాగా ఉంది అనిపిస్తుంది, ఏమిటో తెలియదు. అందుకే పాట మొదటి దెబ్బతో పాటే ఆ అమ్మాయే చేతులెత్తి ఒకసారి చప్పట్లు కొట్టాలి. ఎడిటింగులో చేతులు కలిసిన ఫ్రేము చూసి ఆ దెబ్బకి జత చెయ్యండి. చెవిని నమ్మకండి, ఇక్కడ కన్ను నయం.

పాడేవాళ్ళు నిజంగా పాడాలి, గట్టిగా. సిగ్గుపడి పెదవులు ఆడిస్తే మెడ నరం కదలదు, ఛాతీ కదలదు, చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. ఎలాగూ షూటింగులో పాడిన గొంతు వీడియోలో వినపడదు, అరవండి.

పడవ అన్నాను కాబట్టి ఒక మాట. గోదారిలోకి దిగి తీసే సీను ఏ జట్టూ పెట్టుకోవద్దు. లోతు పైకి తెలియదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్, ఒక పెద్దవాళ్ళు తోడు, మేడమ్ గారి సంతకం. ఘాట్ దగ్గర పొద్దున్నే ఆడవాళ్ళు స్నానాలు చేస్తుంటారు, కెమెరా అటు తిప్పకూడదు, వెనకాల దూరంగా పడినా ఆ షాటు పనికిరాదు. హావ్‌లాక్ వంతెన మీద రైళ్ళు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, 1900లో మొదలై 1997 దాకా నడిచాయి. బొమ్మలో దూరంగా అందంగా ఉంటుంది. దూరంగానే. రైలు పట్టాల మీద నడిచే షాటు మీలో ముగ్గురు రాసుకుని ఉంటారని నాకు తెలుసు, అది కొట్టెయ్యండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా దాకా ఉంది. జైలు సంగతి పక్కన పెట్టండి, చెవిలో పాట మోగుతుంటే రైలు చప్పుడు వినపడదు.

షెడ్యూలు ఎలా వేయాలి? పాట వరసలో తీయకండి. అరుగు దగ్గరివన్నీ ఒక పూట, చేలోవన్నీ ఒక పూట. పాడే సీన్లు ఒక్కో చోటా మొత్తం పాట మూడుసార్లు తీయండి, దూరంగా ఒకసారి, నడుము దాకా ఒకసారి, మొహం దగ్గరగా ఒకసారి. మూడు నిమిషాల పాటే అయినా మళ్ళీ సర్దుకోవడం, చెమట తుడవడం, దారిన పోయే పెద్దాయన "ఏ ఛానలు బాబూ" అని అడగడం... ఒక్కోసారికి పది నిమిషాలు వేసుకోండి. మూడు చోట్ల మూడేసి అంటే తొమ్మిది సార్లు, గంటన్నర. వినడానికి తక్కువే. కానీ మంచి వెలుతురు మీకు పొద్దున తొమ్మిది దాకా, మళ్ళీ మూడున్నర తర్వాతే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆటోలో వెళ్ళేసరికి ఆ వెలుతురు పోతుంది. కాబట్టి రెండు రోజులు. మూడో రోజు ఖాళీగా ఉంచుకోండి, వాన కోసం, జ్వరం కోసం.

నాలుగు పనులకి నలుగురూ ముందే పేర్లు రాసుకోండి. అందరూ డైరెక్టర్లే అంటారు. నాకు మాత్రం స్పీకరు పట్టుకునేవాడు ముఖ్యం. పాట ఎక్కడి నుంచి వెయ్యాలో వాడికి కంఠతా రావాలి, "రెండో చరణం మూడో లైను" అంటే తడుముకోకూడదు. ఇంకొకరు కంటిన్యుటీ రాయాలి. రిబ్బను ఏ జడకుంది, సంచి ఏ భుజానికుంది. మళ్ళీ మళ్ళీ చెప్పను, ఫోటో తీసి పెట్టుకోండి చాలు. సాయంత్రం ఇంటికెళ్ళగానే ఫుటేజీ రెండు చోట్ల కాపీ చెయ్యండి. ఫోర్ కే అయితే నిమిషానికి 170 నుంచి 350 ఎంబీ దాకా తింటుంది. మీ ల్యాబ్ కంప్యూటర్లు చూశాను నేను. (నవ్వులు) మామూలు హెచ్‌డీ చాలు.

ఎడిటింగు నా సొంత పని కాబట్టి ఎక్కువ చెబుతానని భయపడకండి. రెండే. ప్రతి దెబ్బకీ కట్ చెయ్యకండి, డప్పు వాడికి కోపం వచ్చినట్టు ఉంటుంది. కట్ చేసేచోట దెబ్బకన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు చేస్తే కొత్త బొమ్మ దెబ్బతో పాటు కంట్లో పడుతుంది. ఇది పుస్తకంలో సూత్రం ఏమీ కాదు, నా అలవాటు. పేజీ తిరిగే ట్రాన్సిషన్లు, మెరుపులు అవి మీ ఇష్టం, నా ముందు వేయకండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ... చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, స్లో మోషన్ పెట్టి పాడితే పెదవులు కలవడం లేదు.)

మంచి ప్రశ్న. సెకనుకి 50 ఫ్రేములతో తియ్యి. షూటింగులో పాటని రెట్టింపు వేగంతో వేసి, ఆ వేగంతోనే పాడించు. తర్వాత బొమ్మని సగం వేగానికి దింపితే పెదవులు మామూలు పాటకి సరిపోతాయి, జుట్టు, చీరకొంగు మాత్రం తేలుతూ ఉంటాయి. రెట్టింపు వేగంలో తెలుగు పాడటం నవ్వులాట అనుకోకు, ఒత్తులు నాలుక్కి అడ్డం పడతాయి. ముందు రోజు సాధన చేయించు. పాటంతా వద్దు, ఒక లైను చాలు.

(ఒక విద్యార్థి: సార్, మాలో ఒకడికే ఎడిటింగు వచ్చు. మిగతావాళ్ళకి మార్కులు ఎలా?)

వాడే చేస్తాడు, మీరు పక్కన కూర్చుని చిప్స్ తింటారు. అంతేగా? డైరీ రాయండి బాబూ. ఏ రోజు ఎవరు ఏం చేశారు, ఏది చెడింది, ఏ షాటు ఎందుకు తీసేశారు. ఫైలులో వీడియోతో పాటు అది కూడా పెట్టాలని మేడమ్ గారు చెప్పారుగా. వైవాలో "ఈ కట్ ఇక్కడెందుకు" అని అడిగితే నలుగురూ చెప్పగలగాలి. ఆ పిల్లాడికి ఎడిటింగు వచ్చు సరే, మీలో ఎవరికి గీతలు గీయడం వచ్చు? ఎవరికి పల్లెలో చుట్టాలున్నారు? నీకా? మరి నీ పని ఈపాటికే మొదలైంది.

టైము అయిపోతోందని మేడమ్ గారు చూపిస్తున్నారు. ఒక్క పది నిమిషాలు ఇవ్వండి మేడమ్. ఇందాక ముందు బెంచీ అమ్మాయి, నీ పాట ఫోన్లో ఉందా? ఆ స్పీకరుకి కలుపు. బ్లూటూత్ వద్దు, వైరు ఉంటే వైరు. చేతి వాచీ ఎవరికుంది? నువ్వు సెకన్లు చూడు. నువ్వు బోర్డు దగ్గరికి రా, పల్లవి వచ్చినప్పుడల్లా ఒక గీత గియ్యి. మిగతావాళ్ళు తొడ మీద దెబ్బ వెయ్యండి, నాలుగు నాలుగుగా. వెయ్యమ్మా పాట.